యాన్, టాన్, టెథెరా: గొర్రెల లెక్కలో మిగిలింది చచ్చిపోయిన భాషా, వట్టి పాటా?

పదమూలం (చర్చ మొదలు)

ఉత్తర ఇంగ్లండ్ కొండల్లో గొర్రెలు లెక్కపెట్టడానికి మామూలు ఇంగ్లీషు అంకెలు కాకుండా వేరే వరస ఉండేది. లేక్ డిస్ట్రిక్ట్‌లోని బారోడేల్ లోయ రూపం ఇది:

యాన్, త్యాన్, టెథెరా, మెథెరా, పింప్, సెథెరా, లెథెరా, హోవెరా, డోవెరా, డిక్. పదకొండు యాన్-అ-డిక్, పన్నెండు త్యాన్-అ-డిక్, పదమూడు టెథెరా-డిక్, పద్నాలుగు మెథెరా-డిక్. పదిహేనుకు కొత్త మాట, బంఫిట్. ఆ మీద యాన్-అ-బంఫిట్, త్యాన్-అ-బంఫిట్, టెథెరా-బంఫిట్, మెథెరా-బంఫిట్. ఇరవై గిగ్గట్. అక్కడితో ఆగి మళ్ళీ యాన్.

దీని పక్కన వెల్ష్ అంకెలు పెట్టి చూడండి. ఐదు పింప్. పది దేగ్. పదిహేను పమ్‌థెగ్. పదహారుకు వెల్ష్‌లో ‘ఇన్ అర్ బమ్‌థెగ్’ అంటారు, అంటే ‘పదిహేను మీద ఒకటి’. యాన్-అ-బంఫిట్ కూడా అచ్చంగా అదే కట్టు. పదిహేనును ఆసరాగా పట్టుకుని పంతొమ్మిది దాకా పోవడం ఇంగ్లీషులో లేదు, వైకింగుల నార్స్ భాషలోనూ లేదు.

నా వాదన: ఇది కంబ్రిక్ భాష మిగులు. ఇంగ్లీషు రాకముందు ఆ ప్రాంతంలో మాట్లాడిన, వెల్ష్‌కు తోబుట్టువైన భాష కంబ్రిక్. అది నేటి నైరుతి స్కాట్లండ్ నుంచి కంబర్లండ్ దాకా ఉండిన స్ట్రాత్‌క్లైడ్ రాజ్యపు భాష. ఆ రాజు ఓవెన్ 1018లో కారమ్ యుద్ధంలో స్కాట్ల పక్షాన నిలిచాడు. భాష 12వ శతాబ్దం దాకా కొనఊపిరితో ఉందని ఎక్కువమంది పండితుల అంచనా. కార్లైల్, పెన్‌రిత్, బ్లెన్‌కాథ్రా పేర్లు దాని గుర్తులే. భాష పోయినా కాపరుల నోట లెక్క మాత్రం నిలిచింది. ఇందులో అసంభవం ఏముంది?

తూనికరాయి

అసంభవం ఏమీ లేదు. రుజువే లేదు.

మొదట ‘యాన్’ సంగతి చూద్దాం. అది కెల్టిక్ (వెల్ష్, కంబ్రిక్ ఉన్న భాషా కుటుంబం) మాటే కాదు. పాత ఇంగ్లీషు ‘ఆన్’ (ఒకటి) ఉత్తరాదిలో ‘యాన్’ అయింది. ఆ మార్పు ఒక్క మాటకు పరిమితం కాదు. బారోడేల్ ఉన్న కంబర్లండ్ మాండలికంలో ఇల్లు ‘యామ్’, ఓక్ చెట్టు ‘యాక్’. పాత దీర్ఘ ‘ఆ’ ముందు ‘య’ చేరడం అక్కడ అలవాటైన ధ్వని మార్పు. వరసలో మొదటి మాటే పరాయిదైతే, మిగతాదంతా వెయ్యేళ్ళు చెక్కుచెదరకుండా వచ్చిందని ఎలా నమ్మాలి?

రెండోది కాలం. 18వ శతాబ్దానికి ముందు ఈ వరస ఎక్కడా రాతలో కనపడదు. భాషా పరిశోధకుడు అలెగ్జాండర్ ఎల్లిస్ ఊరూరి రూపాలు పోగుచేసింది 1870లలో. భాష పోయిన 12వ శతాబ్దానికీ మొదటి రాతకూ మధ్య ఆరేడు వందల ఏళ్ళ మౌనం ఉంది. ఈలోగా వేల్స్ నుంచే ఎవరో తెచ్చి ఉండొచ్చు కదా.

మూడోది లింకన్‌షైర్. అక్కడా ఈ లెక్క ఉంది. అది తూర్పు తీరపు పల్లపు నేల, స్ట్రాత్‌క్లైడ్ రాజ్యానికి ఆమడల దూరం. కంబ్రిక్ అక్కడిదాకా ఎలా పోయింది?

అన్నిటికంటే నాకు బలంగా తోచేది ఇంకొకటి. కాపరి వృత్తిలో మిగతా మాటలు చూడండి. ఈనని పడుచు గొర్రె ‘గిమ్మర్’, నార్స్ ‘గింబ్ర్’ నుంచి. రెండు చలికాలాలు దాటినది ‘ట్వింటర్’, పాత ఇంగ్లీషులో ‘రెండు-చలికాలాలది’. వాగు ‘బెక్’, కొండ ‘ఫెల్’, కొండల నడుమ చిన్న చెరువు ‘టార్న్’, అడవి కొట్టి చదును చేసిన చేను ‘త్వెయిట్’, అన్నీ నార్స్. గొర్రెకు, గడ్డికి, వాగుకు పాత పేర్లన్నీ వదిలేసిన కాపరి అంకెలను మాత్రం దాచుకున్నాడా?

కంబ్రిక్ అని గట్టిగా చెప్పగల మాటలు రాతలో మూడే. బ్రెట్లు (అంటే స్ట్రాత్‌క్లైడ్ బ్రిటన్లు), స్కాట్ల పాత చట్టంలో వచ్చే గాల్నెస్, కెల్కిన్, మెర్ఖెటా. గాల్నెస్ హత్యకు చెల్లించే పరిహారం, వెల్ష్ ‘గలనస్’కు జోడు. మూడూ చట్టపు మాటలే. ఆ ఆచారాన్ని మొదటి ఎడ్వర్డ్ 1305లో నిషేధించాడు. అంటే ఆ భాష చివరిదాకా అంటిపెట్టుకున్నది జరిమానాలను, గొర్రెలను కాదు.

కొత్తపాఠకుడు

నాకు ఒక సందేహం. ఉత్తర ఇంగ్లండ్, స్కాట్లండ్ మాండలిక మాటలు చాలావరకు వైకింగులవే అంటారు కదా. బేర్న్ (పిల్లవాడు), కిర్క్ (చర్చి), గేట్ (వీధి), గౌక్ (కోకిల, వెర్రివాడు) అన్నీ. మరి ఈ అంకెలు కూడా అలాగే వచ్చి ఉండవా? యార్క్‌లో వీధుల పేర్లన్నీ ‘గేట్’తోనే కదా ముగిసేది.

తూనికరాయి

@కొత్తపాఠకుడు గారూ, మీ నాలుగు మాటల్లో రెండింటి విషయంలో మీరు చెప్పింది నిజం. ఒకటి సగం నిజం. ఒకటి తప్పు. ఎలా తేల్చాలో తెలిస్తే పైన నడుస్తున్న వాదన కూడా తేటపడుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

గౌక్: పాత ఇంగ్లీషులో కోకిల ‘గేఆక్’. అందులో మొదటి హల్లు పలుకుబడిలో ‘య’. అదే నడిచి వచ్చి ఉంటే నేడు ‘యీక్’ లాంటి మాట ఉండాలి. నార్స్ ‘గౌక్ర్’లో ‘గ’ గట్టిగా ఉంది, అచ్చు ‘ఔ’. గౌక్‌లో రెండూ నిలిచాయి. ఇది నార్స్ మాటే, ఒక్క మాటలో రెండు సాక్ష్యాలు.

గేట్: నార్స్ ‘గాత’, వీధి. యార్క్ స్టోన్‌గేట్, కాపర్‌గేట్ అవే. తలుపు అనే ‘గేట్’ వేరే మాట, పాత ఇంగ్లీషుది. స్కాట్స్‌లో (స్కాట్లండ్‌లో మాట్లాడే, ఇంగ్లీషుకు తోబుట్టువైన భాష) దానికి ‘యెట్’ అనే రూపం ఉంది. రెండింటినీ కలిపేసి ‘యార్క్ నిండా తలుపులే’ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

కిర్క్: ‘చ’ బదులు ‘క’ ఉంది కాబట్టి నార్స్ ‘కిర్క్యా’ రూపమే. అయితే ఆ నార్స్ మాట కూడా పడమటి జర్మానిక్ నుంచి, బహుశా పాత ఇంగ్లీషు నుంచే, ఎరవు వెళ్ళింది. వైకింగులు తెచ్చిన మాట అనడం కంటే ఇంగ్లండ్ నుంచి పోయి క్రైస్తవంతో తిరిగొచ్చిన మాట అంటే నయం.

బేర్న్: ఇదే తప్పు. పాత ఇంగ్లీషులో ‘బేఅర్న్’ ఉంది, కావ్యాల నిండా ఉంది. నార్స్‌లో ‘బార్న్’. స్కాట్స్‌లో ‘చేయి’ని ‘ఏర్మ్’ అంటారు, ‘వెచ్చన’ను ‘వేర్మ్’ అంటారు. అదే దారిన పాత ఇంగ్లీషు మాట నేరుగా ‘బేర్న్’ అవుతుంది. నార్స్ అవసరమే లేదు. పక్కన నార్స్ మాట్లాడేవాళ్ళు ఉండటం వల్ల దక్షిణాన పోయినది ఉత్తరాన నిలిచి ఉండవచ్చు, అంతవరకు ఒప్పుకుంటాను.

అన్నీ వైకింగుల మాటలే అన్న ఊపు కొత్తది కాదు. 1808లో స్కాట్స్ పదమూలాల నిఘంటువు వేసిన జాన్ జేమీసన్, స్కాట్లండ్‌లోని పాత పిక్ట్ జాతి భాషే ఒక జర్మానిక్ భాష అనీ, స్కాట్స్ దాన్నుంచి వచ్చిందనీ నమ్మాడు. ఆయన పోగుచేసిన మాటలు, ఉదాహరణలు బంగారం. మూలాల గురించి రాసినవి జాగ్రత్తగా చదవాలి.

ఇంతకీ అసలు పాయింటు: మామూలు మాటకు ధ్వని పరీక్ష పెట్టొచ్చు. గొర్రెల లెక్కకు ఆ పరీక్ష పెట్టలేం. ఎందుకంటే అక్కడ మాటను మార్చేది ధ్వని సూత్రం కాదు, ప్రాస.

ఉన్నికండె

తూనికరాయి గారి ఆఖరి వాక్యాన్ని నేను ఇంకో పక్క నుంచి పట్టుకుంటాను. ఈ వరస దేనికి వాడేవారో చూడకుండా మూలం తేలదు.

గొర్రెల్ని దొడ్డి సందులోంచి ఒక్కొక్కటిగా వదులుతారు. ఒక గొర్రెకు ఒక మాట, తాళం తప్పకూడదు. గిగ్గట్ దగ్గర ఒక గులకరాయి ఈ జేబులోంచి ఆ జేబులోకి, లేదా ఒక వేలు మడవడం, లేదా కర్ర మీద గాటు. ఐదు గాట్లకు వంద. ఇరవైకి ఇంగ్లీషులో ఉన్న ‘స్కోర్’ అనే మాట కూడా నార్స్ ‘స్కోర్’ నుంచే వచ్చింది, అర్థం గాటు. నార్స్‌లో ‘హుండ్రథ్’ అంటే నూరు కాదు, నూట ఇరవై. ఉత్తరాదిలో కొన్ని సరుకుల్ని ఆ పెద్ద నూరుతోనే లెక్కించేవాళ్ళు. కాబట్టి గాట్లు ఐదా ఆరా అన్నది ముందే ఒప్పుకోకపోతే మంద అమ్మకంలో తగువు తప్పదు.

చేతి అల్లికలో కుట్లు లెక్కపెట్టడానికీ, పిల్లల ఆటల్లో పంటలు వేయడానికీ ఇదే వరస వాడినట్టు నమోదైంది. వాడనిదేమిటో గమనించండి. ‘పింప్ గొర్రెలు అమ్మాను’ అని ఎవరూ అనరు. ‘డిక్ షిల్లింగులు’ అని ధర చెప్పరు. వయసు చెప్పరు. నామవాచకం ముందు విశేషణంగా నిలవని అంకె అంకె కాదు, తాళం.

మన పొలాల్లో ధాన్యం కుంచంతో కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. ఆ తర్వాత రెండు, మూడు. వెయ్యేళ్ళ తర్వాత ఎవరో వచ్చి ‘తెలుగులో ఒకటికి పాత మాట లాభం, సంస్కృతం నుంచి వచ్చింది’ అని నిఘంటువులో రాస్తే ఎలా ఉంటుంది? కొలతపాట వేరు, భాషలోని అంకె వేరు.

ఇక తప్పులు ఎక్కడ దొర్లుతాయో చూద్దాం. సెథెరా, లెథెరా తారుమారైతే కాపరికి నష్టం లేదు. ఇరవై మాటలు ఇరవై గొర్రెలకు పడితే చాలు. మాట గల్లంతైతే లెక్క తప్పుతుంది కానీ మాటలు చోటు మారితే తప్పదు. అందుకే జంటలుగా ప్రాస కలిసేచోట మార్పుకు అడ్డు లేదు. ఆరు నుంచి తొమ్మిది వరకు మూడు లోయల రూపాలు చూడండి (చివరి రెండూ యార్క్‌షైర్‌వి):

బారోడేల్: సెథెరా, లెథెరా, హోవెరా, డోవెరా.
వెన్స్‌లీడేల్: టేటెర్, లేటెర్, ఓవెరో, కోవెరో.
స్వేల్‌డేల్: అజెర్, సెజర్, అక్కెర్, కాంటెర్.

వెల్ష్‌లో ఇవి ఖ్వేఖ్, సైథ్, ఉయ్‌థ్, నౌ. వీటిని పైవాటిలో దేనితోనైనా గట్టిగా కలపగలరా? ‘సైథ్’ ఏడు కదా, ‘సెథెరా’ ఆరు దగ్గర కూర్చుంది. అది కూడా యాదృచ్ఛికం కాదని ఎవరు చెప్పగలరు?

అదే ఐదు, పది, పదిహేను, ఇరవై చూడండి. పింప్, పిప్, పిట్స్. డిక్, డిస్క్. బంఫిట్. గిగ్గట్, జిగ్గిట్. ఊరు మారినా ఎముక మారలేదు. చేతి వేళ్ళ లెక్కకు అవి విశ్రాంతి చోట్లు, ప్రాస జంటల్లో లేవు. కాబట్టి వాదించదలుచుకుంటే ఈ నాలుగు మాటల మీదే వాదించండి. మిగతా పదహారూ సాక్ష్యంగా పనికిరావు.

పదమూలం

ఒప్పుకుంటున్నాను. ‘యాన్’ ఇంగ్లీషే. ఆరు నుంచి తొమ్మిది వదిలేద్దాం. మూడు, నాలుగు విషయంలో మాత్రం ఒక చిన్న మాట. వెల్ష్‌లో మూడు, నాలుగుకు స్త్రీలింగ రూపాలు వేరు: తైర్, పెదైర్. గొర్రెకు వెల్ష్ మాట ‘దవద్’, స్త్రీలింగం. గొర్రెల్ని లెక్కపెట్టేవాడు ‘త్రీ, పెద్వర్’ అనక ‘తైర్, పెదైర్’ అని ఉంటే, టెథెరాకూ పెథెరాకూ (లింకన్‌షైర్‌లో నాలుగు) అది దగ్గరే. కాదంటారా?

ఇక నాలుగు మూల మాటల్లో నా పట్టు గిగ్గట్ మీద. నేటి వెల్ష్‌లో ఇరవై ‘ఇగైన్’, చివర ‘ట్’ లేదు. మధ్యయుగపు వెల్ష్ రాతల్లో ‘ట్’ ఉంది. గిగ్గట్‌లోనూ ఉంది. 18వ శతాబ్దంలో వేల్స్ నుంచి ఎవరో తెచ్చి ఉంటే ఆ ‘ట్’ ఎక్కడిది? అది రాలిపోకముందే విడిపోయిన భాష నుంచి వచ్చిందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

తూనికరాయి

స్త్రీలింగం సంగతి: వెల్ష్‌లో పక్కన నామవాచకం లేకుండా వట్టి వరస చదివేటప్పుడు పుంలింగ రూపాలే వాడతారు. ఇన్, దై, త్రీ, పెద్వర్. గొర్రె పేరు ప్రతిసారీ పలికితేనే తైర్, పెదైర్ వస్తాయి. మరి ఇది ఒక గొర్రెకు ఒకే మాట పడే లెక్క. అందంగా ఉంది కానీ నిలవదు.

గిగ్గట్ ‘ట్’ మీద అంత బరువు పెట్టకండి. బంఫిట్ చివర చూడండి. వెల్ష్‌లో అక్కడ ఉన్నది ‘గ్’: పమ్‌థెగ్. ‘గ్’ ఉండాల్సిన చోట ‘ట్’ వచ్చిందంటే ఆ ‘ట్’ ఎక్కడిది? బంఫిట్, గిగ్గట్ ఒకదాన్నొకటి లాక్కున్నాయి. వరసలో రెండూ ఐదు మెట్ల దూరంలో, ఒకే బరువుతో పడే మాటలు. గిగ్గట్‌కు పాత ‘ట్’ ఉండి బంఫిట్‌కు అంటించిందని మీరు అనొచ్చు. ఇంగ్లీషు నోట మాట చివర ‘-ఇట్’ సహజంగా కుదిరి రెండింటికీ వచ్చిందని నేను అంటాను. సాక్ష్యం ఇద్దరికీ సమానం.

బంఫిట్‌లో నాకు నచ్చింది మొదటి అక్షరం. పదిహేను ఒంటరిగా ‘పమ్‌థెగ్’, ‘ప’తో. ‘మీద’ అనే అర్థంలో వచ్చే ‘అర్’ తర్వాతే అది మెత్తబడి ‘బమ్‌థెగ్’ అవుతుంది. అంటే ఈ వరసలో పదిహేనుకు ఉన్న ‘బ’, పదహారు నుంచి పంతొమ్మిది దాకా ఉన్న రూపాల నుంచి వెనక్కి పాకింది. ‘థ’ ‘ఫ’ కావడం ఇంగ్లీషు మాండలికాల్లో మామూలే. కాబట్టి ఇది బ్రిటోనిక్ (వెల్ష్, కంబ్రిక్ ఉన్న కెల్టిక్ శాఖ) మాటే అన్నదాంట్లో నాకు అనుమానం లేదు. నా పేచీ ఎప్పుడు, ఎటు నుంచి అన్నదాని గురించే.

తెమ్మెర

ఇంతసేపూ చదువుతుంటే మనింటి పక్కనే ఉన్న జోడు ఎవరికీ గుర్తురాలేదే అనిపించింది. మహారాష్ట్రలో పిల్లల విటీ-దాండు ఆట, మన బిళ్ళంగోడు లాంటిది. అందులో దూరం కొలిచే లెక్క: వకట్, లెండ్, మూండ్, నాల్... మరాఠీ అంకెలు ఏక్, దోన్, తీన్, చార్. ఆ ఆటలో మాత్రం వకటి, రెండు, మూడు, నాలుగు.

అక్కడా ఇదే తగువు. మహారాష్ట్రలో ఒకప్పుడు ద్రావిడ భాష మాట్లాడేవాళ్ళు ఉండేవారు, వాళ్ళ మిగులు ఇది అని ఒక పక్షం. ఆటతో పాటు పొరుగు నుంచి లెక్క వచ్చిందని ఇంకో పక్షం. నేను రెండో పక్షం, కారణం ‘వకట్’. తమిళంలో ఒకటి ‘ఒన్ఱు’, కన్నడంలో ‘ఒందు’. చివర ‘ట’ ఉన్నది తెలుగులోనే. అంటే ఇది ఏదో పురాతన ఉమ్మడి ద్రావిడం కాదు, తెలుగు తెలుగుగా విడిపోయాక వచ్చిన మాట. మొదట ‘వ’ మన వాడుక పలుకుబడే.

పదమూలం గారి ‘ట్’కు కూడా ఇక్కడ జోడు ఉంది. ‘మూండ్’లో సున్న చూడండి. నేటి తెలుగులో మూడు. పాత రాతలో మూఁడు, అరసున్నతో. ఆ అరసున్న ఒకప్పుడు నిండు సున్న. ఇంకేం, నిండు సున్న పలికే కాలంలోనే మరాఠీలోకి పోయిందని వాదించొచ్చు! కానీ పక్కనే ‘లెండ్’ ఉంది. లెండ్, మూండ్. ప్రాస కోసం సున్న దూరిందంటే ఏం జవాబు చెప్తాం? గిగ్గట్, బంఫిట్ కథే మళ్ళీ.

పదమూలం

తెమ్మెర గారూ, మీ ‘వకట్’ పరీక్ష బాగుంది. దాన్నే ఇక్కడ పెట్టి చూద్దాం. బ్రిటోనిక్ భాషలు మూడు మిగిలాయి: వెల్ష్, కార్నిష్, బ్రెటన్. పదహారు కార్నిష్‌లోనూ బ్రెటన్‌లోనూ ‘ఆరు-పది’ కట్టు. పదిహేను మీద ఒకటి అనే కట్టు వెల్ష్‌లోనే. కాబట్టి గొర్రెల లెక్క ‘ఉమ్మడి పాత బ్రిటోనిక్’ కాదు, వెల్ష్ వైపుదే. ఇక్కడిదాకా తూనికరాయి గారికి లాభం.

అయితే కంబ్రిక్ కూడా వెల్ష్ వైపుదే. కార్నిష్, బ్రెటన్ ఒక జట్టు. వెల్ష్, కంబ్రిక్ ఇంకో జట్టు. ఈ కట్టు ఇద్దరికీ ఉమ్మడిగా ఉండి ఉంటే పరీక్ష ఏమీ తేల్చదు. పోనీ వెల్ష్‌లో ఉండి ఈ వరసలో లేనిదేదైనా ఉందా? ఉంది. పద్దెనిమిదికి వెల్ష్‌లో మామూలు మాట ‘దైనౌ’, అంటే రెండు తొమ్మిదులు. ఇక్కడ టెథెరా-బంఫిట్, పదిహేను మీద మూడు. పన్నెండుకు వెల్ష్ ‘దైదెగ్’, ఒకే మాటగా కలిసిపోయింది. ఇక్కడ త్యాన్-అ-డిక్, విడివిడిగా. వేల్స్ నుంచి మొన్నమొన్న వచ్చిన సరుకైతే ‘దైనౌ’ ఎందుకు రాలేదు?

ఉన్నికండె

రాకపోవడానికి పాటే కారణం. యాన్, త్యాన్, టెథెరా, మెథెరా అని నాలుగు మాటలు తెలిసినవాడికి డిక్, బంఫిట్ అని రెండు ఆసరాలు ఇస్తే మిగతా ఎనిమిది గళ్ళూ వాడే నింపుకుంటాడు. ‘దైనౌ’ లాంటి వంకర మాట తాళానికి అడ్డం, అందుకే మొదట రాలిపోయేది అదే. వెల్ష్‌లోనూ ‘పదిహేను మీద మూడు’ అనే రూపం అరుదుగా ఉంది, పూర్తిగా లేకపోలేదు. కాబట్టి మీ పరీక్ష మళ్ళీ ఖాళీ చేతులతోనే తిరిగొచ్చింది.

అయితే నేను తూనికరాయి గారినీ వదలను. ‘వేల్స్ నుంచి తర్వాత వచ్చింది’ అంటున్నారు. ఎవరు తెచ్చారు? వెల్ష్ పశువుల వ్యాపారులు మందల్ని తోలుకుపోయింది ప్రధానంగా తూర్పుకూ ఆగ్నేయానికీ, మిడ్‌లాండ్స్ మేతలకూ లండన్ సంతలకూ. లేక్ డిస్ట్రిక్ట్ వాళ్ళ దారిలో లేదు. లింకన్‌షైర్‌కు ఓ మోస్తరు జవాబు దొరుకుతుంది కానీ బారోడేల్‌కు దొరకదు. ఇంకొందరు ఉత్తర ఇంగ్లండ్‌లోని ఫర్నెస్, ఫౌంటెన్స్ మఠాల ఉన్ని వ్యాపారం పేరు చెప్తారు. ఆ మఠాలకు పెద్ద మందలు ఉన్నమాట నిజమే. వెల్ష్ కాపరుల్ని తెచ్చుకున్నారనడానికి ఆధారం చూపితే వింటాను.

తూనికరాయి

దారి విషయంలో నా దగ్గర గట్టి జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. కానీ దారి తెలియకపోవడం ప్రయాణం జరగలేదనడానికి రుజువు కాదు. విటీ-దాండు లెక్క ఏ బండి ఎక్కి మహారాష్ట్ర పోయిందో ఎవరూ చూపలేరు, అయినా ‘వకట్’ తెలుగే.

ఇంకొక సంగతి. ఊళ్ళవారీగా పోగుచేసిన మాండలిక సాక్ష్యం కూడా చూడాలి. 1898 నుంచి 1905 దాకా జోసెఫ్ రైట్ ఆరు సంపుటాల మాండలిక నిఘంటువు వేశాడు. 1950 నుంచి 1961 దాకా హెరాల్డ్ ఓర్టన్ బృందం లీడ్స్ నుంచి 313 ఊళ్ళు తిరిగి ప్రశ్నావళితో మాటలు పట్టింది. బెక్ ఎక్కడ ఆగి బర్న్ ఎక్కడ మొదలవుతుందో పటం మీద గీత గీయగలిగారు. యార్క్‌షైర్, కంబర్లండ్‌లో వాగు బెక్, నార్స్. నార్తంబర్లండ్, స్కాట్లండ్‌లో బర్న్, పాత ఇంగ్లీషు. నిజమైన వారసత్వపు మాట అలా నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. గొర్రెల లెక్క అలా గీతకు లొంగదు. ఇక్కడ ఒక లోయ, అక్కడ ఒక లోయ, మధ్యలో ఖాళీ, ఉన్నట్టుండి లింకన్‌షైర్. ఇది ఊళ్ళు పట్టుకు తిరిగే పాట నడక.

కొత్తపాఠకుడు

అర్థమైంది, బేర్న్ విషయంలో దిద్దుకున్నాను. ఒక్క ప్రశ్న: పాట నడిచి పోతుందంటే ఎంత దూరం?

ఉన్నికండె

సముద్రం దాటేంత. అమెరికాలో న్యూ ఇంగ్లండ్‌లో ఈ వరస చుట్టం ఒకటి దొరికింది, ఈన్, టీన్ అని మొదలవుతుంది. అక్కడి జనం దాన్ని ‘ఇండియన్ లెక్క’ అనేవాళ్ళు, స్థానిక తెగల నుంచి తాము నేర్చుకున్నదని నమ్మి. ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ళు తెచ్చింది, ఎవరు ఎవరికి నేర్పారో మరిచిపోయి, మూలం తిరగబడింది.

ఇది తూనికరాయి గారికి ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కునే సాక్ష్యం. లెక్క ఎంత దూరమైనా పోతుందన్నది ఆయనకు అనుకూలం. కానీ అమెరికాలో మూలం మరిచిపోయేంత కాలం గడిచిందంటే, ఇంగ్లండ్‌లో అది అంతకు ముందే బాగా పాతుకుని ఉండాలి.

తూనికరాయి

సరే, 18వ శతాబ్దం అన్నది రాతకు హద్దు మాత్రమే అని సవరించుకుంటాను. నోటి వాడుకకు ఇంకా వెనక్కి జరుపుతాను. 12వ శతాబ్దం దాకా మాత్రం జరపను.

అమెరికా వరసలో ఒకటి చూడండి, పదమూలం గారికి కూడా పనికొస్తుంది. అక్కడ నాలుగు ‘ఫ’తో మొదలవుతుంది, బారోడేల్ ‘మెథెరా’లా ‘మ’తో కాదు. ఇంగ్లీషు ‘ఫోర్’ పక్కనుంచి లాగి ఉండొచ్చు. లేదా లింకన్‌షైర్ ‘పెథెరా’, వెన్స్‌లీడేల్ ‘పెడ్డెరో’ లాంటి ‘ప’ రూపం మెత్తబడి ఉండొచ్చు. వెల్ష్ ‘పెద్వర్’కు దగ్గరగా ఉన్నవీ ఆ ‘ప’ రూపాలే. అంటే లేక్ డిస్ట్రిక్ట్ ‘మెథెరా’ అసలు రూపం కాదు, తర్వాత చెదిరిన రూపం. కంబ్రిక్ గడ్డ మీద దొరికిన వరస కంటే, కంబ్రిక్ చివరిదాకా నిలిచిన నేలకు వెలుపలి వరసే నాలుగు దగ్గర మూలానికి దగ్గరగా ఉంది. దీనికి జవాబు చెప్పండి.

పదమూలం

‘మ’ ఎక్కడిదో నాకు తెలిసిన దారి ఒక్కటే: వెల్ష్‌లో ‘ప’ ముక్కుతో కలిసినప్పుడు ‘మ్హ’ అవుతుంది. కానీ అంకెల వరసలో ‘పెద్వర్’ ముందు ఆ మార్పు తెచ్చే మాటేదీ లేదు. కాబట్టి అది కూడా నాకు అక్కరకు రాదు. వెన్స్‌లీడేల్ వరసలో మూడు ‘ఎడ్డెరో’, మొదటి హల్లే రాలిపోయింది. అక్కడ హల్లు రాలితే ఇక్కడ హల్లు మారింది. నాలుగును కూడా సాక్షుల జాబితాలోంచి కొట్టేయండి. పింప్, డిక్, బంఫిట్, గిగ్గట్. నాలుగే.